ఊదగడ్డి మోపు



నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక ఆదివారం పూట మా నాన్న నన్ను కలుపుకి పంపాడు. నా చేతి పనితో కూలి డబ్బులు మిగుల్తాయని కాదు. చేలో కాలు పెట్టనివాడు కంచం ముందు కూర్చోకూడదని ఆయన పట్టుదల. నాట్లు పడి మూడు వారాలు దాటింది. పిక్కల దాకా బురద. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వరసగా వంగి, వెనక ఏమీ మిగల్చకుండా ముందుకు కదులుతున్నారు. నేనూ వంగాను, చకచకా పీకాను. పావుగంటలో గుప్పిలి నిండింది. చూశారా అన్నట్టు పైకెత్తి చూపించాను. వరస చివర ఉన్న పెద్దావిడ, మేమంతా అత్తా అని పిలిచేవాళ్ళం, నా చేతిలోది తీసుకుని ఒక్కొక్క పరకా విడదీసి చూసింది. ఇక నవ్వు ఆగలేదు ఆవిడకి.

"ఒరే అబ్బాయ్, బువ్వ పీకేసి గడ్డి ఉంచావు గదరా!"

నేను పీకకుండా వదిలేసిన ఆ గడ్డి పేరు ఊద. ఈ పూట మీతో చెప్పబోయేది దాని సంగతే.

ఆ రోజు అత్త నాకు చెప్పిన పాఠం ఇది. "ఆకు చివర పట్టుకుని మెల్లిగా వెనక్కి లాగు. కాడని అంటుకున్న చోట, గొంతుకలో చూడు. వరికైతే తెల్లటి పొర నాలికలాగా లేచి ఉంటది. పక్కన నూగు వెంట్రుకలు ఉంటాయి. ఇప్పుడు దీని గొంతు చూడు. ఏమన్నా ఉందా? నున్నగా బోడి." చాలా ఏళ్ళ తర్వాత వృక్షశాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే ఆ పొర పేరు లిగ్యూల్ అని తెలిసింది. వరిచేలో ఊదను పోల్చుకోవడానికి ఆ పుస్తకంలో రాసిన మొదటి గుర్తూ అదే, లిగ్యూల్ లేకపోవడం. రెండో గుర్తు, కొన్ని మొక్కలకి ఆకు మీద అడ్డంగా ఊదారంగు పట్టీలు. పేరుకు తగ్గట్టే ఉంది కదా అనిపించింది.

దీనికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఎకైనోక్లోవా కొలోనా. ఎకైనోస్ అంటే గ్రీకులో ముళ్ళపంది. ఈ కుటుంబంలో చాలావాటికి కంకి మీద మీసాలు ముళ్ళలాగా ఉంటాయి కాబట్టి అలా పిలిచారు. మన ఊదకి మాత్రం మీసాలు లేవు. మీసాలున్న దాని అన్నగారు వేరే ఉంది, పేరు క్రస్‌గల్లి, అంటే కోడికాలు. ఇక కొలోనా అన్నది లాటిన్ మాట. కొలోనస్ అంటే భూమి దున్నుకునేవాడు, సేద్యగాడు. 1759లో లిన్నేయస్ ఈ గడ్డికి ఆ పేరు తగిలించాడు. రైతు ఎక్కడ దున్నితే అక్కడ తయారయ్యే గడ్డికి రైతు పేరే పెట్టాడన్నమాట. ఆ పేరు వింటే మా నాన్న ఒప్పుకునేవాడు కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కలుపు తీయడం అంటే పీకి పారేయడం అనుకుంటాం. మా ఊళ్ళో పారేసేది బహుతక్కువ. పీకిన ఊదను వేళ్ళతో సహా బోదె కాలవలో జాడించి, మట్టి వదిలాక గట్టు మీద కుప్ప పోసేవాళ్ళు. తుంగ వేరే కుప్ప. బొక్కినాకు లాంటి ఆకుకలుపు గట్టు అవతలికి. పొద్దువాలే వేళకి ఆ ఊద కుప్పలు మోపులయ్యేవి. ఎండుగడ్డిని పేని తాడు చేసి మోపు బిగించి, పాత చీర ముక్కతో చుట్టకుదురు చుట్టుకుని, ఒకరికొకరు నెత్తికెత్తుకుని, వెళ్ళేటప్పుడు వరసగా గట్టు మీద నడిచేవాళ్ళు. దూరం నుంచి చూస్తే మనుషులు కనపడేవాళ్ళు కాదు. పచ్చటి మోపులు వాటంతటవి ఊళ్ళోకి నడిచిపోతున్నట్టుండేది.

కూలి డబ్బులు ఆసామి ఇచ్చేవాడు. గడ్డి మాత్రం ఎవరూ ఇచ్చేది కాదు, ఎవరూ వద్దనేదీ కాదు. దానికి ఏ లెక్కల పుస్తకంలోనూ పద్దు లేదు. కాని సెంటు భూమి లేని ఇంటి ముందు పాలిచ్చే గేదె ఎలా ఉండేదని ఎవరన్నా అడిగితే, నేను ఆ మోపునే చూపిస్తాను. ఎండాకాలమంతా వరిగడ్డి నెమరేసి ముఖం మొత్తిన గేదె, సాయంత్రం ఆ పచ్చి మోపు గుమ్మంలో పడీ పడగానే పలుపు తెంపుకునేది. లేత ఊద కాడ మెత్తన, రసం ఉంటుంది. పువ్వు రాకముందు కోస్తే అడుగు నుంచి చివర దాకా నమిలేస్తుంది. గింజ ముదిరి రాలాక కాడ గట్టిపడుతుంది, పశువు ఆకు కొరికి కాడ వదిలేస్తుంది. చిత్రమేమిటంటే, వరికి కలుపు తీయాల్సిన అదనూ, గేదెకు ఊద మేపాల్సిన అదనూ ఒకటే. ఎవరూ కూర్చుని పథకం వేయలేదు, అలా కుదిరింది.

ఉత్తరాదిలో సహరన్‌పూర్ వృక్షోద్యానం చూసుకున్న డూతీ అనే ఆయన 1888లో ఉత్తర భారతంలోని పశుగ్రాసాల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఊదకు మంచి మేతగడ్డిగా చోటు ఉంది. ఆ తర్వాత జార్జి వాట్ కూర్చిన పెద్ద సంపుటాలు, మన దేశంలో దేనితో ఏం చేస్తారో అక్షరక్రమంలో రాసిన నిఘంటువు, అందులోనూ ఊద ఉంది. గడ్డి పశువుకీ, గింజ పేదవాడికీ. పాలకుల పుస్తకాల్లోకి ఎక్కకముందే ఊరికి తెలిసిన సంగతి.

పాడి ఉన్న శ్రోతలకు ఇక్కడ చిన్న హెచ్చరిక. జొన్న లేత పిలకలు మేస్తే పశువుకి నాము విషం తగులుతుందని మనకు తెలుసు. ఊదకి ఆ గుణం లేదు, అయితే ఇంకో గుణం ఉంది. బాగా ఎరువు పడ్డ చోట పెరిగి, నడుమ వాన ఎగ్గొట్టి వాడి, మళ్ళీ వానకు ఒక్కసారిగా లేచిన ఊదలో నైట్రేటు పేరుకుంటుంది. ఆకలి మీదున్న పశువు అలాంటి గడ్డి మీద పడి మేస్తే రక్తం గోధుమరంగుకి తిరిగి, ఊపిరాడక పడిపోతుంది. అందుకని అలాంటి గడ్డిని ఒక్కదాన్నే వేయకండి. ఎండుగడ్డితో కలిపి, కొంచెం కొంచెంగా వేయండి. ఆస్ట్రేలియాలోని పశువుల కాపర్లకు కూడా ఈ గడ్డితో ఇదే తగువు.

ఇంతవరకూ పశువు సంగతి. మనిషి సంగతికి వస్తే, ముందు కరువు అంటే ఏమిటో ఒక మాట అనుకోవాలి.

వాన పడకపోతే కరువు అంటాం. నిజమే. కాని వాన పడ్డాక కూడా కరువు ఉంటుంది. చినుకు పడుతుంది, నేల పచ్చబడుతుంది, ఎడ్లు ఉన్నవాడు దున్నుతాడు, దాచుకున్న విత్తనం మట్టిలో పడుతుంది. ఇంట్లో మాత్రం గాదె అడుగు కనిపిస్తుంటుంది. వేసిన పంట చేతికి రావాలంటే ఇంకా మూడు నెలలు, వరి అయితే నాలుగు నెలలు. ఎక్కడ చూసినా పచ్చగా ఉంటుంది, తినడానికి గింజ ఉండదు. కరువు చేసే హత్యల్లో చాలా భాగం ఈ పచ్చటి నెలల్లోనే జరుగుతాయి. గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832-33 నాటి నందన కరువైనా, రాయలసీమను కాల్చిన 1876-78 నాటి ధాత కరువైనా, వాన మళ్ళీ మొహం చూపించిన రోజునే ముగిసిపోలేదు.

ఊద ఆ సందులో పుట్టిన గడ్డి. తొలకరి చినుకు పడగానే మొలుస్తుంది. దాన్ని ఎవరూ విత్తనక్కర్లేదు, కిందటేడు రాలిన గింజ నేలలో సిద్ధంగా ఉంటుంది. ఎండా తడీ సరిగా అందితే నెలా పదిహేను రోజుల్లో కంకి పండి రాల్చడం కూడా మొదలెడుతుంది. వరి ఇంకా పిలకలు వేస్తూ ఉంటుంది అప్పటికి. రెండు రెండున్నర మిల్లీమీటర్ల గింజ. చిన్నదే, కాని గింజే. దంచితే నూక, కాస్తే జావ.

అత్త వాళ్ళ అమ్మమ్మ ఒక చెడ్డ ఏడు ఊద గింజతో ఇల్లు గడిపిందట. ఆ కథ అత్త నాకు కథలాగా చెప్పలేదు, పని నేర్పుతున్నట్టే చెప్పింది. "తెల్లారుజామున పోవాలి. మంచు తడి ఉండగానే. పొద్దెక్కితే ముట్టుకుంటే రాలిపోద్ది. కంకి కొయ్యకూడదు. కింద చేట పట్టి, జడ దువ్వినట్టు మునివేళ్ళతో దువ్వాలి. పచ్చిది రాలదు, పండింది రాలుద్ది. రెండు రోజులాగి మళ్ళీ అదే కంకి దగ్గరికి పో, మిగతాది పండి ఉంటది." ఇంత మాట ఎందుకంటే, ఊద కంకి ఒక్కసారిగా పండదు. పైనుంచి కిందికి, ముందూ వెనకా పండుతూ, పండింది పండినట్టు రాల్చేస్తుంది. కొడవలి పెట్టి కోస్తే సగం పచ్చి, సగం నేలపాలు. చేటకే లొంగుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. కలుపుగా ఊదకున్న చెడ్డగుణాలు ఏమిటి? పిలవకుండా వస్తుంది. వరికన్నా ముందు పరుగెత్తుతుంది. గింజ రాల్చేసి వచ్చే ఏడుకి బాకీ పెట్టి పోతుంది. ఇవే మూడు గుణాలు కరువు పూట లెక్కేసి చూడండి. విత్తనం అడగదు. ఆరు వారాల్లో పండుతుంది. వచ్చే ఏడు కూడా తప్పకుండా ఉంటుంది. రైతు తిట్టే తిట్లన్నీ ఆకలిగొన్నవాడి నోట్లో మెప్పులైపోతాయి. గడ్డిలో మార్పేం లేదు, చూసేవాడి గాదె మారిందంతే.

ఇది మన ఒక్క చోటి సంగతి కాదు. సహారా ఎడారికి దక్షిణాన సహేల్ అనే పొడవాటి మెట్టనేల ఉంది. అక్కడ ఊద, దాని చుట్టాలు, ఇంకా రకరకాల అడవి గడ్డి గింజల్ని కలగలిపి క్రెబ్ అంటారు. చేట బదులు వాళ్ళ దగ్గర ఒక బుట్ట. గడ్డిలో నడుస్తూ బుట్టను ఊయలలాగా అటూ ఇటూ ఊపుతారు, పండిన గింజ దాంట్లోకి దూకుతుంది. చాద్ ప్రాంతపు జఘావా వాళ్ళలో ఈ పని ఆడవాళ్ళది. గింజ పండే గడ్డినేల ఫలానా అని గుర్తు పెట్టుకుని, దులుపుకోవడం పూర్తయ్యేదాకా మందలను అటు రానివ్వరు. ముందు మనిషి, తర్వాత పశువు. మా ఊళ్ళో వరస దీనికి తిరగబడి ఉండేది, ఎందుకంటే మాకు వరి ఉంది.

సూడాన్‌లో ఊదను దిఫ్రా అంటారు. 1984-85లో దార్‌ఫుర్‌లో పెద్ద కరువొచ్చింది. ఆ తర్వాత అలెక్స్ డి వాల్ అనే పరిశోధకుడు అక్కడ తిరిగి ఒక పుస్తకం రాశాడు, 1989లో అచ్చయింది. బయటి ప్రపంచం, తిండి సాయం అందకపోతే లక్షల్లో చనిపోతారని లెక్కలు కట్టింది. సాయం ఆలస్యమైంది. అయినా ఆ లెక్కలు చెప్పినంత మంది చనిపోలేదు. అడవి కాయలూ, గడ్డి గింజలూ, దిఫ్రా కూడా వాటిలో ఒకటి, తిని చాలామంది నిలబడ్డారు. అంతకంటే నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. వాళ్ళు మొదట ఆలోచించింది ఇవాళ ఏం తినాలని కాదు, రేపు ఎలా బతకాలని. ఉన్న పశువును అమ్మి ధాన్యం కొనుక్కోవచ్చు. కాని పశువు పోతే వాన వచ్చాక బతుకు లేదు. అందుకని పశువును అట్టిపెట్టుకుని, తాము అడవి గింజలు తిని పస్తులకు ఓర్చుకున్నారు. చదువుతుంటే మా అత్త మోపు గుర్తొచ్చింది. కూలివాడి ఇంట్లో ఆ గేదె కూడా అలాంటి రేపటి మాటే.

ఆ ప్రాంతాల్లోనే, బాగా దుర్దశ పట్టిన ఏడు, చీమలు దాచుకున్న గింజల కోసం పుట్టలు తవ్విన వాళ్ళున్నారు. దాని గురించి ఎక్కువ మాట్లాడలేను.

ఊద తిండి ఎంత పాతదంటే, ఈజిప్టులో పిరమిడ్లు కట్టకముందు కాలానివి, నాగా ఎద్దేర్ అనే చోట ఇసుకలో వాటంతటవే ఎండి నిలిచిన శవాలు దొరికాయి. వాటి పేగుల్లో ఊద గింజలున్నాయి. రాజులు రాయించుకున్న గోడల మీద ఈ గింజ బొమ్మ వెతికితే ఏం దొరుకుతుంది? పేదవాడి కడుపులోనే దొరికింది.

మన దగ్గర దీని జాడ గుళ్ళో వినిపిస్తుంది. శివాలయంలో నమకం తర్వాత చమకం చదువుతారు కదా. అందులో నాకు ఇది కావాలి, నాకు అది కావాలి అని వరసపెట్టి అడిగేచోట ధాన్యాల పట్టీ ఒకటి వస్తుంది. వరి, యవలు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు వగైరా చెప్పి, చివర్లో శ్యామాకాలు, నీవారాలు అంటారు. నీవారం అంటే ఎవరూ విత్తని అడవి వడ్లు. శ్యామాకాన్ని మన అర్చకులు చామలు అని అర్థం చెబుతారు. వృక్షశాస్త్రం చదివిన సంస్కృత పండితులు చాలామంది ఊద జాతి గింజ అంటారు. హిందీలో ఊదను సావా, సామా అని పిలిచే మాట ఆ శ్యామాకం నుంచి అరిగినదే. కాళిదాసు శాకుంతలంలో శకుంతల అత్తవారింటికి బయల్దేరినప్పుడు ఒక జింకపిల్ల ఆమె చీర కొంగు పట్టుకుని వెంటపడుతుంది. తల్లి లేని ఆ పిల్లను ఆమె శ్యామాకం గింజలు గుప్పెళ్ళతో మేపి పెంచిందని కణ్వుడు గుర్తుచేస్తాడు. ఆశ్రమంలో మునులు తినేదీ, జింకకు పెట్టేదీ ఒకటే గింజ. ఈ ఉపన్యాసంలో నేను చెప్పాలనుకున్నది కాళిదాసు జింకపిల్లతో చెప్పించేశాడు, నాకు పని తగ్గింది.

గుజరాతులో ఋషిపంచమిని సామా పంచమి అంటారు. ఆ రోజు ఆడవాళ్ళు ఎద్దు కష్టంతో పండిందేదీ ముట్టరు. నాగలి తగలని తిండి తినాలి. అందుకని సామా వండుకుంటారు. నవరాత్రుల ఉపవాసాల్లోనూ ఉత్తరాదివారు అన్నం మానేసి సామా బియ్యం తింటారు. ఒకప్పుడు అది నిజంగానే నాగలి ఎరగని అడవి గింజ. ఇప్పుడు కొట్లో పాకెట్లలో వచ్చేది దున్ని, విత్తి, కోసి, మరపట్టించింది. ఎద్దు కష్టం మాత్రం నిజంగానే లేదు, ట్రాక్టరు కష్టం!

ఆ పాకెట్లోని ఊదలు ఎలా వచ్చాయో రెండు ముక్కల్లో చెప్తాను. మన దేశంలో ఎక్కడో, ఎవరో, రాలిపోని కంకి ఒకటి చూశారు. దాని గింజ దాచి మళ్ళీ వేశారు. కొన్ని తరాలకి కంకి గట్టిగా పట్టుకునే గింజ, లావు గింజ, ఒకేసారి పండే కంకి నిలిచాయి. అవే మన ఊదలు, గఢ్వాల్ కొండల్లో ఝంగోరా, తమిళులకు కుదిరైవాలి, అంటే గుర్రం తోక. 1960లలో జపాన్ శాస్త్రవేత్త యాబునో కలుపు ఊదనీ, పంట ఊదనీ కలిపి సంకరం చేసి చూశాడు. పుట్టిన మొక్కలు శుభ్రంగా గింజ కట్టాయి. అంటే ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. జపాన్‌లో పండే ఊద లాంటి పంటతో కలిపితే మాత్రం పుట్టినవి గొడ్డుపోయాయి. అది కోడికాలు గడ్డి నుంచి వచ్చిన వేరే వంశం. మనకూ వాళ్ళకీ ఒకే ఆలోచన వచ్చింది, వేరువేరు గడ్డి దగ్గర. ఈ ఊదలే ఇవాళ సిరిధాన్యాల పేరుతో బియ్యానికి రెండు మూడింతల ధరకు అమ్ముతున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేసింది, సంతోషం. కాని నా మనసు పాకెట్లోని చుట్టం మీద లేదు, చేలో మిగిలిపోయిన దాని మీదే ఉంది.

చేలో మిగిలిపోయింది ఊరికే కూర్చోలేదు. వరికి ఎండ ఎక్కువైతే ఆకులో ఆహారం తయారీ మందగిస్తుంది. ఊద ఆకులో ఇంకో రకం ఏర్పాటుంది, సి-ఫోర్ అంటారు. ఎండా వేడీ పెరిగేకొద్దీ అది దౌడు తీస్తుంది. 2008లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ ఏర్పాటునే వరికి తెచ్చిపెట్టాలని పెద్ద ప్రయత్నం మొదలెట్టింది. అది ఏళ్ళ తరబడి సాగింది. పక్క మడిలో కలుపుకు పుట్టుకతో వచ్చిన విద్య అది.

దీని అన్నగారు కోడికాలు గడ్డి విద్య ఇంకా గొప్పది. చైనాలో యాంగ్జీ నది లోయలో వరిచేలలోని ఆ గడ్డిని శాస్త్రవేత్తలు పరిశీలించి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. మామూలుగా ఆ గడ్డి నేల మీద పరుచుకుని, మొదలు ఎర్రబారి ఉంటుంది. వరిచేలలోది మాత్రం వరిలాగా నిటారుగా, పచ్చగా పెరుగుతుంది. వెయ్యేళ్ళ కిందట మొదలైన మార్పట అది. ఎవరు మార్చారు? చేతితో కలుపు తీసే రైతులు. కళ్ళకు కనపడిన గడ్డినల్లా పీకేశారు, వరిలాగా కనపడి కళ్ళు కప్పింది మాత్రం మిగిలి గింజ రాల్చింది. ఏటేటా, తరతరాలా. వరి పోలిక తెచ్చుకోవడం దానికి నేర్పిన గురువు కలుపు తీసే చెయ్యే! పన్నెండేళ్ళప్పుడు ఆ బురదలో నేను ఓడిపోయింది వెయ్యేళ్ళ సాధన చేతిలోనని తెలిశాక నాకు కొంచెం పరువు దక్కింది. మా చేలోది అన్నగారో తమ్ముడో నాకప్పుడు తెలియదు గాని, ఆ విద్య ఇంటి విద్యే అనుకుంటాను.

ఆ విద్యకి అత్త దగ్గర విరుగుడు ఉండేది, గొంతులో పొర. ఎంత వరి వేషం వేసినా గొంతు దాచుకోలేదు.

ఇప్పుడు ఆ గొంతు చూసేవాళ్ళు తగ్గిపోయారు. చెప్పాలంటే, పాతరోజుల్లో ఊదకి మొదటి శత్రువు చెయ్యి కూడా కాదు, నీళ్ళు. ఊద గింజ నిలవనీటి అడుగున సరిగా మొలవదు. అందుకే నారు పెంచి, దమ్ము చేసి, నీళ్ళు నిలిపి నాటడం. మిగిలిన కాస్త చేతితో పోయేది. ఇవాళ కాలవ నీళ్ళు ఆలస్యం, నాటే కూలీలు కరువు, కూలి రేటు పెరిగింది. రైతు వెదజల్లే పద్ధతికి మళ్ళాడు, అతన్ని తప్పుపట్టడానికి నాకేం హక్కు? కాని పొడినేలలో వరీ ఊదా ఒకే రోజు మొలుస్తాయి. ఇక మందు తప్పదు. మొలకెత్తకముందు ఒకటి, మొలిచాక బిస్‌పైరిబాక్ లాంటిది ఇంకొకటి. ఎకరం పిచికారీ పూర్తవడానికి ఒక పూట చాలు. ఎనిమిది మంది ఆడవాళ్ళు రెండు రోజులు వంగి చేసే పని.

నడుము నొప్పి తగ్గిందని వాళ్ళలో చాలామంది సంతోషించారు, అదీ చెప్పాలి. రోజంతా బురదలో వంగి ఉండటాన్ని పాట కట్టి పొగిడేవాడు ఒక్కపూట వంగి చూడాలి. కాని కూలితో పాటు ఇంకొకటి పోయింది. మందు కొట్టిన చేలో ఊద పసుపుబారి, ఎర్రబడి, నిలువునా మాడిపోతుంది. మోపు కాదు. దాన్ని ఏ పద్దులోనూ రాయలేదన్నాను కదా, అందుకే పోయినప్పుడు కూడా ఎవరూ పోయిందని రాయలేదు. ఎరువు ధర పెరిగితే వార్త, మందు ధర పెరిగితే వార్త. కూలివాళ్ళ ఇంటి ముందు గేదె ఎప్పుడు మాయమైందో ఏ వార్తలోనూ రాలేదు. మా ఊళ్ళో మాత్రం అది మందు పంపు వచ్చిన నాలుగైదేళ్ళకే.

ఊద ఓడిపోయిందా అంటే అదీ లేదు. ప్రొపానిల్ అనే మందుకు లొంగని ఊద 1980లలోనే కోస్టారికా, కొలంబియా వరిచేలలో బయటపడింది. ఆస్ట్రేలియాలో 2007కల్లా గ్లైఫోసేట్ అనే మందునే తట్టుకుంది. ఒక మొక్క వేలకొద్దీ గింజ రాలుస్తుంది. ఆ వేలలో మందుకు చావని గింజ ఒక్కటి ఉంటే చాలు. చేతి కన్ను కప్పడానికి వెయ్యేళ్ళు పట్టింది, మందు కన్ను కప్పడానికి కొన్ని దశాబ్దాలే చాలాయి.

పోయిన భాద్రపదంలో నాకొక బుద్ధి పుట్టింది. మా ఊరి కాలవ గట్టు పక్కన ఎవరూ సాగుచేయని బీడు ఒకటుంది, మందు పడని నేల. ఊద నడుము ఎత్తున కంకి మీద ఉంది. తెల్లారుజామున చేట పట్టుకుని వెళ్ళాను. అత్త చెప్పినట్టు మంచు ఆరకముందే, జడ దువ్వినట్టు దువ్వాను. మొదటి అరగంట గింజలన్నీ నా చేట తప్ప మిగతా అన్నిచోట్లా పడ్డాయి, చొక్కా జేబులో కూడా. తర్వాత చెయ్యి కుదిరింది. గంటన్నరకి సోలెడు వచ్చింది. ఇంటికొచ్చి చెరిగితే అందులో సగం తాలూ, పురుగులూ. ఎండబెట్టి, రోట్లో వేసి దంచితే పొట్టు ఓ పట్టాన వదల్లేదు. చివరికి మిగిలింది గిద్దెడు నూక, మట్టి రంగులో. మా ఆవిడ దాన్ని చూసి, "దీనికి పెట్టే గ్యాసు దండగ" అంది గాని, జావ కాసింది. చప్పగా, కొంచెం పచ్చిగడ్డి వాసనతో, చివర్లో నాలిక మీద లేత తీపి. ఇద్దరికీ చెరో అరగ్లాసు. ఆ గిద్దెడుకి నాకు రెండు పూటల పని. పిల్లలు నలుగురున్న ఇంట్లో ఎన్ని చేటలు, ఎన్ని తెల్లవారుజాములు కావాలో వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టి, మధ్యలో మానేశాను.

దువ్విన గడ్డి ఊరికే పోతుందెందుకని సాయంత్రం వెళ్ళి కోసి, చిన్న మోపు కట్టి తెచ్చాను. కట్టడం కూడా సరిగా రాలేదు, దారిలో రెండుసార్లు జారింది. మా వీధిలో మిగిలిన గేదె ఒక్కటే, పక్కింటి ఆయనది. వేస్తానంటే ఆయన నన్నూ మోపునూ మార్చి మార్చి చూశాడు.

"మందు కొట్టిన చోటిది కాదు గదండీ?"

కాదని చెప్పాక కూడా ఒక పరక తుంచి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసుకున్నాడు. అప్పుడు పలుపు వదులు చేశాడు. గేదె ముందు ఆవురావురుమని తల దూర్చింది. గింజ రాలిన ఊద కదా, కాడ ముదిరింది. ఆకులన్నీ ఏరుకుని కొరుక్కుని, కాడలు మూతితో పక్కకి నెట్టేసి, ఇంకేమన్నా తెచ్చావా అన్నట్టు నా వంక చూసింది.